కోత పండుగ నాటి చిట్టీ పాట

ఎదురు పాడేవాళ్ళు ఎవరూ లేకపోయినా మా ఆయన చెయ్యి మళ్ళీ పైకి లేచింది. నాకు మొదట భయం పుట్టింది ఆ క్షణంలోనే.

నిన్న మా సంఘంలో కోత పండుగ. పొద్దున ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో షామియానా కింద కానుకల వేలం జరిగింది. గుమ్మడికాయలు, జొన్న కంకులు, కాళ్ళు కట్టిన కోళ్ళు, ఎవరికి పండింది వాళ్ళు తెచ్చి దేవుని ముందు పెడతారు. తర్వాత వాటిని వేలం వేసి, వచ్చిన డబ్బు సంఘానికి జమ చేస్తారు. ఆ వేలంలో ధరకీ వస్తువుకీ పొంతన ఉండదు. రూపాయి గుమ్మడికాయకు పది రూపాయలు పాడినవాడే ఆ రోజుకు గౌరవస్థుడు. ఎదురు పాడేవాళ్ళు లేకపోతే కొందరు తమ పాట మీద తామే పాడతారు. అందరూ స్తోత్రం అని చప్పట్లు కొడతారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్న పండుగే.

భోజనాలయ్యాక, అదే షామియానా కింద, అవే కుర్చీల్లో చిట్టీ పాట మొదలైంది. రెండు పాటలూ పాడించింది సంఘ పెద్ద ఆశీర్వాదం గారే. చిట్టీలో మేము యాభై మందిమి. తలా నెలకు నూరు రూపాయలు కడతాం. నెలనెలా ఒకరు ఆ ఐదు వేలు ఎత్తుకుంటారు. డబ్బు తొందరగా కావలసినవాళ్ళు అందులో ఎంత వదులుకుంటారో పాడాలి, ఆ వదిలింది మిగిలినవాళ్ళు పంచుకుంటారు. అంటే పొద్దుటి పాటలో ఎక్కువ పాడితే గౌరవం, మధ్యాహ్నం పాటలో ఎక్కువ పాడితే నష్టం. చిట్టీ మొదలై ఇది రెండో నెల. మేము దీన్ని చివరిదాకా ఎత్తకూడదనే చేరాం. పిల్లల పెద్ద చదువులకని.

"పదిహేను వందలు" అన్నారు మా ఆయన. నేను ఇంకా తినని మా చిన్నదానికి అన్నం కలుపుతున్నదాన్ని తలెత్తాను. ఎవరూ ఎదురు పాడలేదు. అక్కడ ఆగినా సరిపోయేది. ఆయన చెయ్యి మళ్ళీ లేచింది. "పద్దెనిమిది వందలు." వెనక నుంచి ఎవరో స్తోత్రం అన్నారు. "రెండు వేల నూరు" అన్నారు ఆయన, పొద్దున గుమ్మడికాయకు పాడిన గొంతుతోనే. షామియానా అంతా చప్పట్లు. నేను ఎంగిలి చేత్తోనే ఆశీర్వాదం గారి దగ్గరికి పరుగెత్తాను.

"అన్నా, ఈయన పొద్దుటి పాట లెక్కనే పాడినట్టున్నరు. జెర ఆలోచించుండ్రి" అన్నాను.

"గట్లెట్లయితదమ్మా? పొద్దుగాల పాడింది దేవుని పాట, గిది చిట్టీ పాట. ఇంతమంది ముంగట పాట ఖాయం చేసిన" అన్నాడాయన. చెడ్డవాడు కాదు. నవ్వుతూనే అన్నాడు. "మీ ఆయనకు ఇంత చాయ్ తాపియ్యి, వేడి దిగుతది."

పక్కనున్న ఆమె నా భుజం తట్టింది. "ఏందక్కా, మీ పుణ్యాన తలా నలభై రూపాలు మిగిలినయి మాకు. నెలనెలా మీ ఆయన్నే పాడుమను." చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆ పాట రద్దయితే నష్టం మిగిలిన అందరికీ. ఇంక ఎవరిని అడగాలి?

ఇంటికి వస్తుంటే మా రాజు దారి పొడవునా "మా నాన్న గెలిచిండు, మా నాన్న గెలిచిండు" అని కనబడిన ప్రతివాళ్ళకూ చెప్పాడు. వాడికి ఎనిమిదేళ్ళు. లీలకు ఐదు, దానికి వేలంలో వచ్చిన గుమ్మడికాయే లోకం.  ఇంట్లోకి వచ్చి చొక్కా విప్పుతూ అప్పుడు ఆయన చెప్పారు. ఇస్నాపూర్‌లో పిండిగిర్ని ఒకటి అమ్మకానికి ఉందట, ముందు నాలుగు వేలు కడితే మిగతాది వాయిదాల్లో తీసుకుంటారట. అందుకే చిట్టీ పాడారట. ఇప్పుడు చేతికొచ్చేది రెండు వేల తొమ్మిది వందలు.

"మీ అమ్మగారి రెండు గదులూ అమ్మేస్తే మిల్లు మొత్తం మనదవుతుంది కదా" అన్నారు.

ఆ మాట నిన్న సాయంత్రం నుంచి నా చెవుల్లోనే ఉంది. పిల్లలు పడుకున్నారు, ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి తిరిగినట్టుంది, రసాయనాల ఘాటు లోపలికి వస్తోంది. కిటికీ వేస్తే ఉక్క, తీస్తే లీల దగ్గు. వేసి, తీసి, చివరికి సగం వేసి కూర్చున్నాను. ఆ గదులు ఎక్కడి నుంచి వచ్చాయో ఒకసారి రాసి పెట్టుకోవాలనిపించింది.

మేము సంగారెడ్డిలో మిషన్ దవాఖాన వెనక పెంకుటింట్లో ఉండేవాళ్ళం. నాన్న ఉపదేశి. పాస్టర్లు రాలేని పల్లెలకు సైకిల్ మీద వెళ్ళి ఆరాధన జరిపించేవాడు. కంది ఊరి నుంచి మొదలుపెట్టి ఎక్కడెక్కడో తిరిగి, మోకాళ్ళ దాకా ఎర్రమట్టితో వచ్చేవాడు. రాగానే ముందు సైకిల్ గొలుసుకు ఆముదం రాసి, ఆ తర్వాతే తన కాళ్ళు కడుక్కునేవాడు. మా వాకిట్లో ఎప్పుడూ ఆముదం వాసన. లోపల ఫినాయిల్ వాసన, ఎందుకంటే అమ్మ కాన్పుల వార్డులో ఆయా. ఎన్నిసార్లు ఉతికినా ఆమె కొంగుకు ఆ వాసన పోయేది కాదు. దానికి ముఖం ఆనించి పడుకుంటేనే నాకు నిద్ర వచ్చేది. నాన్న జీతం తక్కువ. అది కూడా కొన్ని నెలలు ఆలస్యంగా వచ్చేది. ఇల్లు నడిచింది అమ్మ జీతం మీద అని అందరికీ తెలుసు, ఎవరూ అనరు. నాన్న పాడుతూ ఉండేవాడు, అమ్మ పనిచేస్తూ ఉండేది. ఆ ఇంట్లో పెద్దగా గొడవలు జరిగినట్టు గుర్తులేదు.

మా సంఘంలో ఆడవాళ్ళకు పిడికెడు బియ్యం అలవాటు ఉండేది, ఇప్పటికీ ఉంది. పూటపూటకూ పొయ్యి మీద ఎసరు పెట్టి, కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవుని కోసం వేరే కుండలో వేస్తారు. ఆదివారం ఆ కుండ చర్చికి పోతుంది. అమ్మ ఆ పిడికెడు నా చేత తీయించేది. నేను పెద్దగా ప్రార్థన చెప్పాలి, నాన్న వరండాలోంచి ఆమెన్ అనాలి. అది మాకు రోజూ జరిగే చిన్న పండుగ. అయితే దాని తర్వాత ఇంకొకటి జరిగేది. నేను పక్కకు తిరగగానే అమ్మ ఇంకో పిడికెడు తీసి తలుపు వెనక కుండలో వేసేది. దానికి ప్రార్థన లేదు, ఆమెన్ లేదు. ఆ కుండ నిండినప్పుడల్లా బియ్యం కొలిచి పక్కింటామెకు అమ్మేది.

ఒకనాడు అన్నం తింటూ అడిగాను. "అమ్మా, రెండో పిడికెడు ఎవలికి?"

నాన్న చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. అమ్మ నా వైపు చూడకుండా మజ్జిగ పోసింది. "అన్నం కాడ గీ ముచ్చటేంది? తిను." అంతే. మళ్ళీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు. రేపటి గురించి చింత వద్దని ఊరూరా చెప్పి వచ్చే మనిషి ఇంట్లో, రేపటి కోసం తీసిన బియ్యం గురించి మాట్లాడటం ఎట్లా? ఆయనకు తెలుసు. తెలుసని అమ్మకూ తెలుసు. ఇద్దరూ ఆ కుండ పక్కనుంచి ఏమీ లేనట్టు నడిచేవాళ్ళు.

ఒక కోత పండుగనాడు నాన్న ఒకే ఒక కోడిగుడ్డుకు పదకొండు రూపాయలు పాడాడు. అది ఎవరో ముసలామె తెచ్చిన కానుక, ఆమె దగ్గర ఇంకేమీ లేదు. దాన్ని అణాలకు పాడితే ఆమె మనసు కష్టపెట్టుకుంటుందని మొదలుపెట్టాడు. తర్వాత తన పాట మీద తనే పాడుతూ పోయాడు. నిన్న మా ఆయన చెయ్యి లేచినట్టే ఆ రోజు నాన్న చెయ్యి లేచింది. ఇంటికి వస్తుంటే గుడ్డును అరచేతిలో పెట్టుకుని నడుస్తున్నాడు. అమ్మ పక్కనే నడుస్తూ అంది.

"జెర పదిలంగ పట్టుకోండ్రి. గది మన కందిపప్పు, కిరసనాయిలు, బిడ్డ లంగా."

"దేవునికిచ్చినదాన్ని లెక్కపెడతవా?" అన్నాడు నాన్న.

"లెక్కపెడతలేను. పేర్లు చెప్తున్న."

నాన్న నడిరోడ్డు మీద నిలబడి పడిపడి నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది. ఆ నెల మాకు పచ్చిపులుసే కూర. ఆ గుడ్డును అమ్మ పక్కింటి పొదిగే కోడి కింద పెట్టించింది. మా ఆస్తి అంతా ఆ గుడ్డులోంచే వచ్చిందని చెప్పుకుంటే వినడానికి బాగుంటుంది. కాని అది పుంజయింది. క్రిస్మస్‌కు కూరయింది. ఆ డబ్బు ఇచ్చిన డబ్బు, పోయింది, పోతుందని తెలిసే ఇచ్చారు. అమ్మకు అందులో బాధ లేదు.

ఆస్తి వచ్చింది చిట్టీలోంచి. దవాఖానలో ఆయాలంతా చిన్న చిట్టీ వేసుకునేవాళ్ళు. తలుపు వెనక బియ్యం అమ్మిన డబ్బు అమ్మ అందులో కట్టేది, ఎప్పుడూ పాట పాడేది కాదు. అందరూ ఎత్తుకున్నాక ఆఖరి నెల తీసుకునేది. నెలనెలా వాళ్ళు వదిలిన దాంట్లో తన వాటా మిగిలేది, చివర మొత్తం సొమ్ము కోత లేకుండా వచ్చేది. తోటి ఆయాలు ఊరుకుంటారా? "ఏం ఎస్తేరమ్మా, చిట్టీ పరలోకంల ఎత్తుకుంటవా?" అనేవాళ్ళు. "ఆడికి పోయేటి ముంగటి నెల ఎత్తుకుంట" అనేది అమ్మ. చిట్టీ నడిపే ఆమె పారిపోతే ఆఖరివాళ్ళే మునుగుతారని అమ్మకు తెలియక కాదు. అందుకే ఎదురింటి ఆయా నడిపే చిట్టీలో తప్ప చేరలేదు. ఆమె మూట సర్దితే మా వాకిట్లోకి కనబడుతుంది. పిసినారి అన్నారు, విశ్వాసం లేనిది అన్నారు. ఒకసారి నాన్న కూడా ఏదో అనబోతే, "బైబిల్ల కరువొస్తదని ఏడేండ్లు ధాన్యం దాచినాయన కథ చెప్పింది మీరే కద. ఆయన్ను పిసినారి అన్నరా ఎవరన్న?" అంది. నాన్న సైకిల్ గొలుసు వైపు తిరిగాడు.

ఇస్నాపూర్ మల్లయ్య భార్యను కష్టమైన కాన్పులో దగ్గరుండి చూసుకుంది అమ్మ. అతను రోడ్డు పక్క మెట్ట చెలక ముక్క అమ్ముతూ ముందు అమ్మకే చెప్పాడు. "నీకు అబద్ధం చెప్పనమ్మా, అంత రాళ్ళే. దున్నితే నాగలి విరుగుతది" అన్నాడు. "నేను దున్న మల్లయ్యా. ఊకె చూసుకుంట కూసుంట" అంది అమ్మ. రెండు ఆఖరి చిట్టీల సొమ్ము దానికి పోయింది. కాగితాలు పట్టుకుని మల్లయ్య ఇంటికి వచ్చిన రోజే నాకూ నాన్నకూ తెలిసింది. "రాళ్ళు కొన్నవా?" అన్నాడు నాన్న నీరసంగా. "వడ్లయితే ఎలుకలు తింటయి" అంది అమ్మ. అప్పటికి నేను కాలేజీలో అర్థశాస్త్రం చదువుతున్నాను. పెట్టుబడి అంటే ఏమిటో పరీక్షలో రెండు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఇంట్లో తలుపు వెనక జరిగేదానికీ దానికీ సంబంధం ఉందని తోచలేదు.

చాలా ఏళ్ళు ఆ భూమి అట్లాగే పడి ఉంది. తర్వాత పెద్ద ఫ్యాక్టరీ వచ్చింది, దాని చుట్టూ చిన్నవి లేచాయి, కోస్తా నుంచి మనుషులు సంచులు పట్టుకుని దిగారు. కిరాయి గది దొరకడం కష్టమైంది. అమ్మ ఆ రాళ్ళనే పునాదికి కొట్టించి ఒకే ఒక గది కట్టించింది. దానికి పెట్టిన ఖర్చు కిరాయి రూపంలో పూర్తిగా తిరిగి వచ్చేదాకా రెండోది మొదలుపెట్టలేదు. పక్కవాళ్ళు అప్పు తెచ్చి ఆరేసి గదులు లేపారు. వాళ్ళలో కొందరు చితికిపోయారు, కొందరు మాకంటే బాగుపడ్డారు కూడా. అమ్మ పద్ధతే సరైనదని నేను వాదించను. అమ్మకు పడుకోగానే నిద్ర పట్టేది, అంతవరకు నాకు తెలుసు.

ఆ మొదటి గదిలో దిగిన మొదటి మనిషి మా ఆయనే. గుంటూరు వైపు పాస్టర్ గారి అబ్బాయి, ఫ్యాక్టరీలో ఫిట్టర్. ఒకటో తారీఖున కిరాయి ఇవ్వడానికి వచ్చి, కీర్తనలు పాడుతూ నాన్నకు దగ్గరయ్యారు. "పైసలు చేతిల నిలువయి, కని మనసు మంచిది" అని అమ్మ నాతో అంది, పెళ్ళికి ముందు. ఆమె తన అల్లుణ్ణి గురించి అన్న మాట అదొక్కటే. రెండేళ్ళ కిందట పోతూ ఆ గదులు నా పేర పెట్టింది. నాన్న అంతకు ముందే పోయాడు. చిట్టీకి నెలనెలా కట్టేది ఆ కిరాయే.

నిన్న సాయంత్రం ఆయన గదులు అమ్ముదామన్నప్పుడు నేను గొంతు పెంచలేదు. పెంచే ఓపిక లేదు. గుమ్మడికాయ కోస్తూ అడిగాను. "గదులు అమ్మితే నెలనెలా చిట్టీకి కట్టేది దేంట్లకెళ్ళి? ఎత్తుకున్నా ఇంక నాలుగేళ్ళు కట్టాలె కదా."

"మిల్లు మీద వస్తుంది."

"మిల్లు ఎవరు నడుపుతరు? మీరు షిఫ్టుల ఉంటరు. నేను ఈ పిల్లలతోటి."

"ప్రార్థన చేశానే. దేవుడు చూపించాడనిపించింది."

"గిర్ని చూపించిండు, సరే. ఎంతకు పాడాల్నో కూడా చెప్పిండా?"

ఆయన నవ్వారు. ఆ నవ్వు సగంలోనే విరిగింది. గోడకు చేరగిలబడి చేతుల్లో ముఖం పెట్టుకున్నారు. "ఎందుకు పాడానో నాకే తెలీదు. పన్నెండు వందలు దాటకూడదనుకునే కూర్చున్నాను. ఆ గొంతు, ఆ చప్పట్లు... మా నాన్నగారు అలాగే పాడేవారు కోత పండక్కి. పక్కన కూర్చుని చూస్తుంటే నాకు గర్వంగా ఉండేది." ముఖం తుడుచుకుని అన్నారు, "మా ఇంట్లో డబ్బు మాట ఎత్తితే పాపం అన్నట్టు చూసేవారు. ఇవ్వడం నేర్పారు. ఇంకేమీ నేర్పలేదు."

కత్తిపీట ముందు కూర్చుని ఆ మాట విన్నాను. మా ఇంట్లో మాత్రం ఎవరు నేర్పారు? ఇచ్చేదానికి పెద్ద ప్రార్థన, పెద్ద ఆమెన్. ఉంచుకునేదానికి తలుపు చాటు. మా అమ్మ అంత తెలివి, అంత ఓర్పు ఒక్కతే మోసింది, నాకు చెప్పకుండానే పోయింది. నేను చూశాను కాబట్టి ఇంత తెలిసింది. చూడనివాళ్ళ సంగతేమిటి? అప్పట్లో పల్లెకూ దవాఖానకూ మధ్య డబ్బు మనిషి నడిచినంత మెల్లగానే కదిలేది. తప్పు చేసినా నెల పచ్చిపులుసుతో పోయేది. ఇప్పుడు రోడ్డు మీద ప్రతి మలుపులోనూ ఎవరో ఒకరు ఏదో ఒకటి అమ్ముతున్నారు. ఒక్కసారి చెయ్యెత్తితే నాలుగేళ్ళు కట్టాలి.

"గదుల జోలికి పోకండి" అన్నాను. "వచ్చేదాంతో పక్కనే మూడోది లేపుదాం. గోడలు ఇప్పుడు, రేకులు వచ్చే యేడు."

"మీ అమ్మగారి పోలికే" అన్నారు. గుమ్మడికాయ ముక్కలు గిన్నెలోకి ఎత్తుతూ, "సరే, పోను" అన్నారు.

"ఒట్టు?"

"ఒట్టు పెట్టకూడదు, అవునంటే అవుననే చెప్పాలని వాక్యం కదే."

"అయితే అవునని చెప్పండి."

"అవును" అన్నారు.

ఈ పొద్దున రాజు బడి సంచి సర్దుకుంటూ, "సార్‌కు చెప్తా, మా నాన్న అందరికంటే ఎక్కువ పాడి గెలిచిండని" అన్నాడు. ఆయన చాయ్ తాగుతూ గ్లాసు కిందపెట్టారు. లేచి వెళ్ళిపోతారనుకున్నాను, వెళ్ళలేదు. పిల్లలిద్దరినీ కంచాల ముందు కూర్చోబెట్టి, ఉప్మా పెట్టి, నేనూ కింద కూర్చున్నాను.

"నాన్న గెలవలేదు బిడ్డా" అన్నాను. "పొద్దుటి పాటల దేవునికి ఇచ్చినం, అది మంచిదే. మధ్యాహ్నం పాట వేరు. అండ్ల ఎక్కువ పాడితే మన పైసలే పోతయి. నాన్న ఎక్కువ పాడిండు."

రాజు తండ్రి వైపు చూశాడు. "ఎన్ని పోయినయి?"

నేను చెప్పేలోపే ఆయనే చెప్పారు. "రెండు వేల నూరు, నాన్నా."

రాజు చెంచా ఆపి లోపల్లోపల ఏదో కూడుకున్నాడు. లీల మాత్రం భయంగా అడిగింది. "అయితే మనం బీదోళ్ళమయినమా అమ్మా?"

"కాలేదు" అన్నాను. "ఇస్నాపూర్ల మనకు రెండు గదులున్నయి. మీ అమ్మమ్మ కట్టింది. వాటికి నెలకు నూరు రూపాయల కిరాయొస్తది, ఆ కిరాయి నాలుగేండ్లు చిట్టీకే పోతది. కాబట్టి ఈ యేడు కొత్త బూట్లు లేవు, పాతవే కుట్టిద్దాం. పైసలు ఎట్ల వస్తయో, ఎట్ల పోతయో ఇగ మీదికెళ్ళి మీకు చెప్త, అన్నం కాడనే చెప్త. మీకు తెల్వనిది అడగుండ్రి. బడిల ఎవలన్న అడిగితే దాచకుండ్రి. మా నాన్న పొరపాటున ఎక్కువ పాడిండని, మేము మళ్ళ మొదటికెళ్ళి జమ చేస్తున్నమని చెప్పుండ్రి."